నలభై మూడో వరస

జనవరి 9

అక్కకి,

బాగానే ఉన్నాను. చలికి కాలు పట్టేస్తోంది. అది ఎప్పుడూ ఉన్నదే.

ఫోను చేద్దామనుకున్నాను. ఈ ముసలివాళ్ల హోములో ఫోను మేనేజరు బల్ల మీద ఉంటుంది. నేను గొంతు పెంచితే అందరూ వింటారు, నీకు మాత్రం వినపడదు. అందుకని రాస్తున్నాను. పెద్ద అక్షరాలు రాస్తున్నాను చూడు.

ఇక్కడ కింద అంతస్తు చివర ఒక గది ఉంది. రెండు మంచాలు. కిటికీ కొళాయి వైపు ఉంటుంది. అందులో ఉన్న ముసలి దంపతుల్ని వాళ్ల కూతురు తీసుకుపోతోంది. ఫిబ్రవరి ఆఖరుకి ఖాళీ. మిగతావన్నీ ఆరేసి మంచాల గదులు. ఆడవాళ్లవి వేరు, మగవాళ్లవి వేరు. ఈ ఒక్క గది మాత్రం మొగుడూ పెళ్లాలకి గానీ తోడబుట్టినవాళ్లకి గానీ ఇస్తారు.

మీ అబ్బాయికి బదిలీ అయిందని రాశావు. కొత్త ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదని రాశావు. నీ మోకాళ్ల సంగతి నాకు తెలుసు. మేనేజరు దగ్గరికి వెళ్లాను. గుమ్మం దగ్గర పావుగంట నిలబడ్డాను. ఆయనే తలెత్తి, "ఏం తాతా, తలుపుకి కాపలానా?" అన్నాడు. అప్పుడు చెప్పాను.

అక్కా తమ్ముళ్లమని కాగితం ఉండాలట. మన దగ్గర ఏముంది? మనం పుట్టినప్పుడు ఎవరూ రాయించలేదు. బడి కాగితాలు వరదలో పోయాయి. ఆ మాటే అన్నాను. ఆయన పెన్నుతో చెవి గోక్కుని, "పెద్ద లైబ్రరీలో పాత జనాభా లెక్కలుంటాయి. డెబ్బై ఏళ్లు దాటినవి ఎవరైనా చూడొచ్చు. ఒకే ఇంట్లో ఇద్దరి పేర్లూ ఉంటే ఆ పేజీ తెచ్చెయ్యి, చాలు" అన్నాడు. ఫిబ్రవరి ఆఖరులోగా తేవాలి. లేకపోతే తర్వాతవాళ్లకి ఇచ్చేస్తారు.

డెబ్బై ఏళ్ల నాటి లెక్కలు ఈ ఏడే తెరిచారట. అప్పుడు నాకు ఐదు, నీకు పదకొండు. నాకేమీ గుర్తు లేదు. ఎవరు వచ్చారు, ఏమడిగారు, నీకు గుర్తున్నది రాయి.

వస్తావు కదా.

నీ తమ్ముడు


జనవరి 17

ఒరే మూగెద్దూ,

నీ ఉత్తరం చూసి ముందు భయపడ్డాను. నువ్వు రెండు పేజీలు రాశావంటే ఎవరో పోయుంటారనుకున్నాను. కళ్లజోడు వెతుక్కుని చదివితే గదీ, కిటికీ, కొళాయీ! నాలుగుసార్లు చదువుకున్నాను. మా కోడలు "ఏంటత్తయ్యా, ప్రేమలేఖా?" అంది. "అవునే, డెబ్బై అయిదేళ్ల కుర్రాడు రాశాడు" అన్నాను.

రాక ఎక్కడికి పోతానురా? మా వాడు సవతి కొడుకే అయినా కన్నవాడికన్నా నయం, అందులో వంక పెట్టను. కానీ కొత్త ఇల్లు చూసొచ్చి మెట్లు యాభై నాలుగని చెప్పాడు. "మెల్లగా ఎక్కుదువులే అమ్మా, తొందరేముంది" అన్నాడు. ఎక్కడానికి తొందర లేదు నిజమే. దిగడానికి మాత్రం నలుగురు కావాలి నాకు.

కిటికీ పక్క మంచం నువ్వు తీసుకో. నాకు గాలి పడదు. గురక పెడతావా ఇంకా? నేను పెడతానని అంటున్నారు ఇక్కడ, నమ్మకు.

ఇకపోతే ఆ లెక్కల గోల. డెబ్బై ఏళ్ల కిందటి మాట నన్నడుగుతావేంటి, పొద్దున మాత్ర వేసుకున్నానో లేదో గుర్తుండదు నాకు. లెక్కల మనిషి వచ్చాడో, వాకిట్లోంచే పోయాడో! ఆ పాత కాగితాలు తవ్వి ఏం లాభం? ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టిస్తే సరిపోదా? మీ మేనేజరుని అడుగు. అడగవు, నాకు తెలుసు. గుమ్మం దగ్గర నిలబడతావు.

నిన్ను తవుడు పోసి కొన్నామని ఏడిపించేదాన్ని గుర్తుందా? నువ్వు నిజమనుకుని మూల కూర్చుని, ఎన్ని గంపల తవుడని అడిగేవాడివి. అది మాత్రం నిన్న జరిగినట్టుంది.

కాలికి నూనె రాసుకో. లైబ్రరీకీ గిబ్రరీకీ ఆ కాలుతో తిరగకు.

మీ అక్క


జనవరి 29

అక్కకి,

సాక్షులు పనికిరారట. అడిగాను. నిజంగానే అడిగాను.

లైబ్రరీకి మూడు రోజులు వెళ్లాను. బస్సు దిగాక బారెడు దూరం. మెట్లు పధ్నాలుగు. పైన పొడుగాటి హాలు, గోడవారగా పేము కుర్చీలు. ఇరవై ఉన్నాయి. ఆరింటికి అల్లిక తెగింది. ఒకదాని మీద అట్టముక్క వేసి కూర్చుంటున్నారు. యాభై ఏళ్లు పేము అల్లినవాణ్ణి కదా, చూడలేకపోయాను.

బల్ల వెనక కళ్లద్దాలావిడ ఉంది. "ఏం కావాలండీ?" అంది. చెప్పాలనుకున్నది నోట్లోంచి రాలేదు. "ఈ కుర్చీ తెగిందమ్మా" అన్నాను. "మేమెవర్నీ పిలవలేదే" అంది. "ఫరవాలేదు" అన్నాను. అంతే. మొదటి రోజు కుర్చీ ఒకటి తిరగేసి చూసుకుని, కొలతలు తీసుకుని వచ్చేశాను. రెండో రోజు పేము తడిపి తీసుకెళ్లి ఆ కుర్చీ అల్లాను. సాయంత్రం ఆవిడ టీ తెచ్చిచ్చి, "నిజం చెప్పండి, మీరు కుర్చీ కోసం రాలేదు" అంది. అప్పుడు చెప్పాను. ముందే చెప్పొచ్చు కదా అని నవ్వింది.

కాగితాలు చేతికివ్వరు. అన్నిటికీ ఫొటోలు తీసి రీళ్లకి చుట్టారు. రీలు ఒక మిషన్లో పెట్టి చక్రం తిప్పితే వెలుగులో పేజీలు కదులుతాయి. మన ఊరి రీలు దొరకడానికే సగం రోజు పట్టింది. తిప్పుతుంటే కళ్లు తిరుగుతాయి. ఆవిడ పక్కన కూర్చుని తిప్పడం నేర్పింది.

అక్కా, ఆ లెక్కల మనిషి ఏ వరసలో నడిచాడో ఆ వరసలోనే ఇళ్లు రాశాడు. ముందు గానుగాయన ఇల్లు. తర్వాత మంత్రసాని. తర్వాత ఆ ఒంటికన్ను ముసలాయన, మనల్ని కర్రతో తరిమేవాడే, ఆయన. నేను చక్రం తిప్పుతున్నానా, మన వీధిలో నడుస్తున్నానా తెలియలేదు. వేలు ఆగిపోయింది. తర్వాతి ఇల్లు మనదే.

అమ్మ ఉంది. ఇంటి పెద్ద అని రాశారు. నువ్వున్నావు. పదకొండు, చదువుకుంటోంది అని ఉంది. పాప ఉంది, రెండేళ్లు. పాపకి ఒక పేరుందని నేను మర్చిపోయాను. మరుసటి ఏడే పోయింది కదా. ఆ పేరు రెండుసార్లు చదువుకున్నాను.

నాన్న లేడు. ఇటుకల బట్టీ పనికి వెళ్లి ఉంటాడు, అది తెలిసిందే.

నేను లేను.

కింద గీత గీసి, మొత్తం ముగ్గురు అని రాసి, తర్వాతి ఇంటికి వెళ్లిపోయాడు. పేజీ వెనక్కీ ముందుకీ తిప్పాను. ఆవిడా చూసింది. లేను.

నువ్వు తవుడని రాశావు. నవ్వుకోడానికే రాశావు. నేను మాత్రం ఆ మాట చిన్నప్పుడు ఎంత నమ్మానో నీకు తెలియదు. పెద్దయ్యాక నమ్మలేదు. ఇప్పుడు ఈ పేజీ చూశాక మళ్లీ అడుగుతున్నాను. నేను ఎవరి పిల్లాణ్ణి? పెంచుకున్నా నాకేం బాధ లేదు. ఉన్నది చెప్పు, చాలు.

ఆ గది రాదనుకుంటాను.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 6

తమ్ముడూ,

ఈ వయసులో నీకు తిక్క పట్టిందా? ఎవరి పిల్లాడివంటావేంటి! నీ ముక్కు చూసుకున్నావా అద్దంలో? ఆ ముక్కు నాన్నది. ఆ ముక్కుని ఎంత తవుడు పోసినా ఎవరూ అమ్మరు.

లెక్కలవాడు గాడిద. ఎండకి విసుగెత్తి అరుగు మీద కూర్చుని తోచింది రాసుకుపోయి ఉంటాడు. ఒక ఇంట్లో ఒకణ్ణి వదిలేస్తే ఎవరడుగుతారు? దాన్ని పట్టుకుని ఇంత రామాయణం చేస్తావా? ఇంక ఆ లైబ్రరీకి వెళ్లకు. చెప్తున్నాను, వెళ్లకు. పాతవి తవ్వితే పాములే వస్తాయి గానీ లంకెబిందెలు రావు.

ఇక్కడ సామాన్లు కట్టడం మొదలుపెట్టారు. నా పెట్టె మీద కోడలు "అత్తయ్య" అని చీటీ అంటించింది. నన్నే మూట కట్టినట్టుంది. మా వాడు రోజూ "ఏమంటున్నాడు మామయ్య, గది సంగతి?" అని అడుగుతున్నాడు. ఏమని చెప్పను?

అంత కష్టమైతే గది మాట వదిలెయ్. నేను వీళ్లతోనే పోతాను. యాభై నాలుగు మెట్లేగా. నా కోసం నువ్వు కాళ్లరిగేలా తిరగడం నాకిష్టం లేదు.

మీ అక్క


ఫిబ్రవరి 14

అక్కకి,

సరే.

వెళ్లొద్దన్నావు. గది వదిలెయ్యమన్నావు. అడిగినదానికి జవాబు చెప్పలేదు. అర్థమైంది. నువ్వు బాధపడకు. చిన్నప్పటినించీ నన్ను బాగానే చూశావు, అది చాలు.

పొద్దున మేనేజరు అడిగాడు. నా కోసం ఆగొద్దని చెప్పాను. వరసలో తర్వాత ఇద్దరు అన్నదమ్ములున్నారు, వాళ్లు పాపం ఏడాదిగా చూస్తున్నారు.

కుర్చీలు ఇంకా మూడు మిగిలాయి. ఒప్పుకున్న పని కదా అని వెళ్లాను, దేనికీ వెతకలేదు. కళ్లద్దాలావిడే ఒక మాట అడిగింది. ఆ లెక్కల్లో మనిషిని పుట్టిన చోట రాయరట. ముందురోజు రాత్రి ఎక్కడ పడుకున్నాడో అక్కడ రాస్తారట. "ఆ రాత్రి మీరెక్కడ పడుకున్నారు తాతగారూ?" అని అడిగింది. నాకేం తెలుసు, ఐదేళ్లవాణ్ణి అన్నాను.

మెట్ల దగ్గర జాగ్రత్త.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 19

ఒరే,

ఎంత పని చేశావురా! ఎవరు చెప్పారు నిన్ను మేనేజరుకి అలా చెప్పమని? నేను వదిలెయ్ అంటే వదిలేస్తావా? నేను ఎన్ని అనలేదు ఈ ఎనభై ఏళ్లలో, ఏదైనా విన్నావా? ఇదొక్కటే దొరికిందా వినడానికి!

ఉత్తరం అందగానే ఆ మేనేజరు దగ్గరికి పరిగెత్తు. కుంటుతూనే పరిగెత్తు. గది కావాలని చెప్పు.

ఆ రాత్రి నువ్వెక్కడ పడుకున్నావో నాకు తెలుసు. మొదటినించీ తెలుసు. బట్టీ దగ్గర నాన్న పక్కన పడుకున్నావు.

ఏడేళ్లప్పుడు నాన్న వెంటపడి బట్టీకి వెళ్లావని నీకు చెప్తూ వచ్చాను. అది నేను కల్పించింది. నువ్వు వెంటపడలేదు. నీకు ఏడేళ్లు కావు. ఐదు. ఐదేళ్లవాణ్ణి ఎందుకు పంపారని అడుగుతావని రెండేళ్లు కలిపాను. అమ్మ ఉన్నన్నాళ్లూ అమ్మా నేనూ కలిసి చెప్పాం. అమ్మ పోయాక నేనొక్కదాన్నే చెప్పాను.

పాపని అమ్మ జోలెలో వేసుకుని పనికి తీసుకుపోయేది. నువ్వు నా వంతు. బడికి నీతోనే వచ్చేదాన్ని. నువ్వు నా జడ పట్టుకుని వచ్చేవాడివి. వచ్చి ఊరుకున్నావా? బలపాలు తినేసేవాడివి. నావి అయిపోతే పక్కవాళ్లవి. ముప్పైమంది పిల్లల బలపాలు నమిలేశావు ఒక్క నెలలో. చివరికి మాస్టారు, "వాణ్ణి తీసుకొస్తే నువ్వూ రావద్దు" అన్నారు. నేను రెండో తరగతి మూడుసార్లు మొదలుపెట్టి ఉన్నాను అప్పటికి. ముందు నీ కోసం మానేశాను, తర్వాత పాప కోసం. పదకొండేళ్లొచ్చాయి, ఇంకా కూడబలుక్కునే చదివేదాన్ని.

ఒకరోజు అమ్మ ఇంటికి రాగానే చెప్పాను. "వీడు బావి గట్టెక్కి తొంగి చూశాడు. నేను లాగకపోతే పడిపోయేవాడు. నాకు భయమేస్తోంది, నేను చూడలేను." నువ్వు బావి దగ్గరికే వెళ్లలేదు. ఇంట్లో నిద్రపోతున్నావు. అమ్మ మొహం తెల్లబోయింది. మర్నాడు నాన్న బట్టీకి వెళ్తుంటే నిన్ను భుజాన ఎక్కించింది. నువ్వు చెయ్యి ఊపావు.

వారం తిరక్కుండా లెక్కలవాళ్లొచ్చారు. వచ్చింది ఎవరో కాదు, మా మాస్టారే. అమ్మ ఇంట్లో లేదు. గుమ్మంలో కూర్చుని, "రాత్రి ఈ ఇంట్లో ఎవరెవరు పడుకున్నారు?" అని అడిగారు. "అమ్మ, నేను, పాప." "మీ బలపాల రాక్షసుడు?" "లేడండీ. నాన్న దగ్గర." "అయితే వాణ్ణి అక్కడే రాస్తారులే. ఇంక రోజూ బడికి రా." అలా అన్నారు. నా ఎదురుగానే చదువుకుంటోంది అని రాశారు.

లేడండీ అన్నప్పుడు నాకెంత సంతోషం వేసిందో చెప్తే నువ్వు నమ్మవు. వీధి చివరిదాకా గెంతుకుంటూ వెళ్లాను.

నాలుగు నెలలకి బట్టీ పని అయ్యాక నాన్న నిన్ను మోసుకొచ్చాడు. కాలికి కర్రలు కట్టి ఉన్నాయి. నేను తలుపు వెనక నిలబడ్డాను. నువ్వు "అక్కా, బలపం తెచ్చావా?" అన్నావు.

ఇదీ సంగతి. లెక్కలాయన గాడిద కాదు. నీ కాలు పోయింది నా వల్ల. ఈ ఉత్తరం నేను రాయగలుగుతున్నది ఆ నాలుగు నెలల చలవ వల్ల. నువ్వు లైబ్రరీకి వెళ్లొద్దని ఎందుకన్నానో ఇప్పుడు తెలిసిందా? నన్ను ఏమన్నా అను. కానీ ఎవరి పిల్లాణ్ణి అని మాత్రం ఇంకెప్పుడూ అడక్కు.

బట్టీ పేజీ వెతికించు. అందులో ఉంటావు.

అక్క


మార్చి 2

అక్కకి,

దొరికింది.

మన ఊరి రీల్లో లేదు. బట్టీ వేరే ఊరి కింద ఉంది. కళ్లద్దాలావిడ రెండు రోజులు వెతికింది. నేను ఆఖరి కుర్చీ అల్లుతున్నాను. "తాతగారూ!" అని అరిచింది. లైబ్రరీలో అరవకూడదని గోడ మీద రాసుంది. హాల్లో అందరూ చూశారు.

బట్టీ షెడ్డు అని పైన ఉంది. కింద అరవైమంది దాకా ఉన్నారు. నాన్న పంతొమ్మిదో వరస. ముప్పై నాలుగేళ్లు. నాన్న అంత చిన్నవాడా? నేను అల్లిన కుర్చీలకే అంతకన్నా ఎక్కువ వయసుంటుంది. ఇరవయ్యో వరస నేను. కొడుకు, ఐదు. పని అన్న చోట, ఇటుకలు తిరగెయ్యడం అని రాశారు. అడిగితే నేనే చెప్పి ఉంటాను. ఐదేళ్లకే నాకు పని రాశారు. కాస్త గర్వం వేసింది. నవ్వుకో.

ఇప్పుడు నువ్వు చెప్పినదానికి. నువ్వు అబద్ధం చెప్పావు, నేను బట్టీకి వెళ్లాను. అంతవరకు నిజం. కాలు నీ వల్ల పోలేదు. ఇటుకల దొంతర మీదినించి దూకాను. నాన్న చూస్తున్నాడని దూకాను. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ చెప్పలేదు. నాన్న ఎప్పుడూ ఊళ్లో ఉండేవాడు కాదు. నాకు ఎనిమిదో ఏట పోయాడు. నాకు గుర్తున్న నాన్న ఆ నాలుగు నెలల నాన్నే. కాల్చిన ఇటుకలు ఇంకా వెచ్చగా ఉండగా వాటి పక్కన గోనె పరిచేవాడు. నన్ను ఇటుకల వైపు, తను గాలి వైపు. నీకు ఆ నాలుగు నెలలు కూడా లేవు కదా. ఇన్నేళ్లూ నేను దాని గురించి నీ దగ్గర మాట్లాడలేదు, నీకు లేదని.

బలపాల సంగతి గుర్తు లేదు. రుచి మాత్రం తెలుసు. ఎలా తెలుసా అనుకునేవాణ్ణి.

రెండు పేజీలూ నకలు తీయించాను. నీ వరసలోనూ నా వరసలోనూ తండ్రి పేరు ఒకటే. మేనేజరుకి ఇచ్చాను. ఈసారి గుమ్మం దగ్గర నిలబడలేదు. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చదివి, "కాగితం గట్టిదే తాతా" అన్నాడు. గది మాత్రం పోయింది. ఆ అన్నదమ్ములు ఒకటో తారీఖునే దిగారు. నేనే కదా ఇమ్మన్నది. నీ ఉత్తరం వచ్చేసరికే ఆయన వాళ్లకి మాట ఇచ్చేశాడు. వెళ్లి అడిగాను అక్కా, మొహం చెల్లక వెనక్కి వచ్చాను.

ఫైల్లో మన పేర్లు ముందు పెట్టుకున్నాడు. ఖాళీ అయితే మొదట మనకే. ఆ గదిలో ఖాళీ ఎలా అవుతుందో తెలుసు కదా. అందుకని కోరుకోలేకపోతున్నాను. అన్నదమ్ములు మంచివాళ్లు. కొళాయి దగ్గర నా బక్కెట్టు కూడా నింపి పెడుతున్నారు.

నీ తమ్ముడు


మార్చి 9

తమ్ముడూ,

తిడదామని మొదలుపెట్టి మూడు కాగితాలు చింపాను. ఎవర్ని తిట్టాలో తెలియలేదు. నేను దాచాను, నువ్వు మాట విన్నావు. మనిద్దరం చెరొక తప్పూ జీవితంలో ఒక్కసారే చేసుంటాం, రెండూ ఒకేసారి కలిశాయి.

నాన్న గాలి వైపు పడుకునేవాడని నాకు తెలియదు. అది చదివాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. కోడలు డాక్టర్ని పిలవనా అంది.

ఇరవై ఎనిమిదిన లారీ. మేం ఆ పొద్దున బస్సులో. మా వాడు ఒక మాటన్నాడు, "మధ్యలో ఎక్కడైనా కూర్చుని ఎక్కు అమ్మా, ఎవరేమనుకుంటారు." ఎక్కడ కూర్చోను, మెట్ల మీదా? ఒకసారి ఎక్కితే ఇంక దిగను. నిన్ను చూడటం అయ్యే పని కాదు. నువ్వు రావాలన్నా ఆ కాలుతో యాభై నాలుగు మెట్లు.

అలిసిపోయానురా. కోపం కూడా రావడం లేదు.

మీ అక్క


మార్చి 14

అక్కకి,

నీ బస్సు మా ఊరి మీదినించే వెళ్తుంది. కనుక్కున్నాను. ఒకరోజు ముందు బయల్దేరు.

ఈ ఏడు మళ్లీ లెక్కలు. ఇరవై ఏడో తారీఖు రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటే అక్కడ రాస్తారు. మర్నాడు హోముకి వస్తారు. కళ్లద్దాలావిడ చెప్పింది.

గది లేదు. ఆడవాళ్ల గదిలో ఒక మంచం ఆ ఒక్క రాత్రికి ఖాళీ ఉంది, ఆ మనిషి కళ్ల ఆపరేషనుకి వెళ్తోంది. మేనేజరుని అడిగాను. "ఒక్క రాత్రికి ఎందుకు తాతా?" అన్నాడు. చెప్పాను. చాలాసేపు చెప్పాను. ఆయన నవ్వి, "ఆ కాగితం మళ్లీ డెబ్బై ఏళ్లకి గానీ తెరవరు. అప్పుడు తెచ్చుకోండి, గది ఇస్తాను" అన్నాడు. ఒప్పుకున్నాడు.

వచ్చి పడుకో. అంతే.

నీ తమ్ముడు


మార్చి 30

అక్కకి,

చేరావని మీ వాడు ఫోను చేశాడు. మేనేజరు గదిలోనే మాట్లాడాను. మెట్లెక్కడానికి గంట పట్టిందన్నాడు. నేను అల్లి నీ బస్సు మీద వేయించిన పేము ముక్కాలి పీటలు మూడూ చేరాయన్నాడు. మలుపుకి ఒకటి వేసుకో. మూడోది గుమ్మం బయట. కింద రబ్బరు కొట్టాను, జారదు.

ఇరవై ఎనిమిది పొద్దున నువ్వు ఆరింటి బస్సుకి వెళ్లిపోయావు. లెక్కల అమ్మాయి పదింటికి వచ్చింది. మగవాళ్లందరివీ రాసింది. నేను నలభై రెండో వరస. ఆడవాళ్ల గదికి పోయి చూసి వచ్చి, "ఈ మంచం ఖాళీగా ఉంది. ఇక్కడెవరు?" అంది. మేనేజరు నా వైపు చూశాడు.

"మా అక్క" అన్నాను.

"ఇప్పుడెక్కడున్నారు?"

"వెళ్లిపోయింది. రాత్రి ఇక్కడే పడుకుంది."

"మరి వివరాలెవరు చెప్తారు?"

నేను చెప్తానన్నాను. ఆడవాళ్లకి వేరే పేజీ మొదలుపెట్టాలట. ఈ పేజీలో నా కింద ఒక్క గీతే మిగిలింది. "ఇందులో రాయమ్మా" అన్నాను. ఎందుకని ఆ అమ్మాయి అడగలేదు. రాసింది. నలభై మూడు.

నీ పేరు చెప్పాను. ఎనభై ఒకటి అన్నాను. తండ్రి పేరు అడిగితే, "పై గీతలో ఉన్నదే" అన్నాను. తర్వాత, "చదవడం, రాయడం వచ్చా?" అని అడిగింది.

అక్కా, నేను మామూలుగా ఎలా మాట్లాడతానో నీకు తెలుసు. పక్కవాడికి కూడా వినపడదు. ఆ మాటకి మాత్రం హాలంతా వినపడేలా చెప్పాను. అన్నదమ్ములిద్దరూ గదిలోంచి బయటికొచ్చి చూశారు.

"వచ్చు. రెండూ బాగా వచ్చు" అన్నాను.

నీ తమ్ముడు